ఆగిన ఐసు యంత్రం సంగతి

మావయ్యగారికి నమస్కారాలు.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ముసాయిదా మీద ఎవరైనా అభిప్రాయం రాయొచ్చంటే, మన ఐసు ఫ్యాక్టరీ తరఫున నేను రాశాను, గుర్తుందా? మూడు నెలలు ఆగిన యంత్రాన్ని పనికిరానిదిగా చూపాలట! ఆ లెక్కన మన ఫ్యాక్టరీ ఏటా పాత ఇనుము దుకాణమే. అందుకే, "చలికాలంలో ఆగిన ఐసు యంత్రం చచ్చినట్టా, నిద్రపోయినట్టా?" అని అడిగాను. "పెద్దవాళ్లతో వేళాకోళమేంటే?" అంటూ మీరు ఆ వాక్యాన్ని ఎర్రపెన్నుతో కొట్టేశారు.

రెండేళ్లు చర్చించి, నిన్న తుది ప్రమాణం విడుదల చేశారు. సీజన్‌లోనే నడిచే యంత్రాలకు మినహాయింపు ఇచ్చారు. ఎందుకు మార్చారో చెప్పే పత్రంలో నా ప్రశ్నను మక్కీకి మక్కీ అచ్చేశారు!

కోప్పడకండి మావయ్యా. మీరు దిద్దిన కాపీ నా సొరుగులో భద్రంగా ఉంది. నేను పంపింది దిద్దనిది.

మీ మేనకోడలు