కొండ దిగి వచ్చిన తుపాకీ

బసిలాన్ దీవి,
ఎన్నికలైన ఎనిమిదో రోజు.

సముద్రం అవతల సాందకాన్‌లో ఉన్న నా చిన్నతల్లి నూర్‌వీదాకు మీ నాన్న సలాములు, దీవెనలు. ఇక్కడ మీ అమ్మ క్షేమం, మేకలు క్షేమం, నా మోకాలొక్కటే వాన పడితే గొణుగుతుంది. నువ్వూ నీ పసిదీ చల్లగా ఉన్నారని తలుస్తాను.

సరుకు పడవలో వచ్చిన నీ ఉత్తరం ఎండుచేపల మూట కింద నలిగింది గానీ అక్షరాలు బతికే ఉన్నాయి. మూడు అడిగావు. ఇంటి రేకులు మార్చాం, అదొకటి. అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరిలో ఈ బాంబుల్ని ఆపగలిగేది ఎవరని అడిగావు. కొండ మీది దళంలో చేరిన మీ అన్న ముర్సిద్ ఎప్పుడు దిగి వస్తాడని అడిగావు. చేపలు చుట్టిన పత్రికల మీద చదువు నేర్చుకున్నవాణ్ణి, నాకు సూటిగా చెప్పడం రాదు. ఓపిక పట్టు.

ఎన్నికలకు నెల ముందు చేపల బజారులో బాంబు పేలింది. కాఫీ కొట్లో నా చేతిలో కప్పు పిడి ఒక్కటే మిగిలింది. చేపలమ్మే జుబైరా చెయ్యి మంచుపెట్టెలో దొరికింది. పదకొండు మంది పోయారు. పొద్దు వాలకముందే పూడ్చాలి, ఏ ముక్క ఎవరిదో తేలలేదు. ఇళ్ళవాళ్ళు కూర్చుని, పోట్లాడకుండా, పంచుకున్నారు.

బాంబు తవ్విన ఆ గోతిని చూడడానికి ఇద్దరు అభ్యర్థులూ వచ్చారు. ముందు వచ్చినాయన సిపాయి బూట్లు వేసుకుని గోతి అంచున నిలబడి, ఆ కొండను ఫిరంగులతో దున్నిస్తానన్నాడు. తుపాకీతో కనబడ్డవాణ్ణి కనబడ్డచోటే కాల్చాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొండ మీద కొడుకున్న నేనూ కొట్టాను తల్లీ, జుబైరా చెయ్యి చూసి వచ్చిన చేతులు మరి. మర్నాడు కళ్ళజోడాయన వచ్చాడు. కళ్ళు తుడుచుకుని, తన సభలో తుపాకీ తెచ్చి వేదిక మీద పెట్టినవాడికి క్షమాభిక్షా, దున్నుకోవడానికి నేలా ఇస్తామన్నాడు. అప్పుడూ చప్పట్లే.

మన మంగలి హాతిబ్ కత్తి నూరుతూ, "ఒకడు నరుకుతానంటాడు, ఇంకొకడు కౌగిలించుకుంటానంటాడు. ఏదైనా పట్టుకునేది మన మెడేగా మావా" అన్నాడు. నా గడ్డం సగం గీసి ఉంది గనక నేను ఎదురు చెప్పలేదు.

బూట్లాయన గెలవకముందే ఆయన మాట గెలిచింది. మూడు రోజులు కొండ మీద గుండ్లు పడ్డాయి. అసాకిల్ వాళ్ళ గేదె పేగులు కొబ్బరిచెట్టు మట్టలకు వేలాడాయి, కాకులు వారం తిన్నాయి. ఆ మూడో రోజు మధ్యాహ్నం ముర్సిద్ కొబ్బరి ఎండబెట్టే పాకకు వచ్చాడు. చెవి ఒకటి సగమే ఉంది. కళ్ళజోడాయన సభనాడు దిగుతానన్నాడు.

సభకు వచ్చే దళంవాళ్ళు తుపాకీలకు దుప్పటి చుట్టి తన జీపులోనే రావాలని గ్రామపెద్ద కబురు పెట్టాడు. ఎన్నికల నెలల్లో తుపాకీ బయట కనబడకూడదన్న నిషేధం ఉంది కదా. పదిహేనుమంది అలాగే వచ్చారు. ముర్సిద్ మాత్రం తుపాకీ భుజాన వేసుకుని, నడిరోడ్డు మీద, ఒక్కడే నడిచి వచ్చాడు. వంతెన దగ్గర కాపలా ఉన్న సిపాయిలు కేక కూడా వేయలేదట. అయిదు గుండ్లు. మీ అన్న ఇక లేడమ్మా.

నేను వేదిక ముందు చాప పరుచుకుని వాడి కోసం కూర్చున్నాను. వంతెన వైపు చప్పుడు వింటే కళ్ళజోడాయనకు టపాకాయలు కాలుస్తున్నారనుకున్నాను. వాడికి స్నానం నేనే చేయించాను. కింది దవడ లేదు, కట్టిన గుడ్డ నిలవలేదు.

ఇంకా విను. ఆ సాయంత్రం వేదిక మీది తుపాకీల్లో మడమకు రాగితీగ చుట్టినది ఒకటి ఉంది. అది ముర్సిద్‌ది, ఆ తీగ చుట్టింది నేనే. అక్కడికి ఎవరు చేర్చారో తెలియదు. కళ్ళజోడాయన దాన్నే పైకెత్తి ఫొటో తీయించుకున్నాడు. రాత్రి రేడియోలో బూట్లాయన మనుషులు వంతెన దగ్గర ఒక ఉగ్రవాది హతమయ్యాడని పొంగిపోయారు. ఇద్దరికీ తేడా ఏమిటని అడిగావు కదా, నాకు తెలిసింది ఇంతే: ఒకాయనకు తుపాకీ చాలు, ఇంకొకాయనకు శవం చాలు.

ఇక మీ అమ్మకు చెప్పనిది నీకు చెబుతున్నాను. ఆ రోజు పాకలో ముర్సిద్, "దుప్పటి చుట్టి తెమ్మంటున్నారు నాన్నా, ఏం చెయ్యమంటావ్?" అని అడిగాడు.

"దుప్పటి చుట్టేది దొంగసరుక్కిరా. మా కాలంలో సంధి కుదిరాక మేం కొండ మీంచి తుపాకీ భుజాన వేసుకునే దిగాం, దారిపొడుగునా బాజాలు వాయించారు. తలెత్తుకుని రా" అన్నాను. ఆ బాజాలు మోగి పాతికేళ్ళయింది. నాకు మాత్రం నిన్నటిలాగే ఉంది.

వాడు "సరే, నువ్వు చెప్పినట్టే" అన్నాడు.

నిన్న మీ అమ్మ కసావా దుంప గీకుతూ, "చిన్నప్పట్నుంచీ అంతే, ఎవరి మాటా వినడు. దుప్పటి చుట్టుకొచ్చుంటే బతికేవాడు" అంది. నేను తల వంచుకుని కాఫీ తాగాను.

వాడు విన్నాడు తల్లీ. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాట విన్నాడు.

ఇట్లు,
మీ అన్నను ఆ దారిన రమ్మన్న
మీ నాన్న ఆంబుటోంగ్