తొట్టిలో గౌను

అమ్మాయీ, అన్నం మూతపెట్టి ఉంచాను, తిను. రేపు నీళ్ళ అడుగున ఫొటోలకి ఆ నీలం గౌను వేసుకోకు. అది పైకి తేలకుండా అంచులో సీసం గుండ్లు కుట్టమన్నారుగా ఫొటోలవాళ్ళు. కుట్టి, స్నానాల తొట్టిలో ముంచి చూశాను. నిలబడింది. లోపల ఎవరూ లేకుండానే, కడుపుతో ఉన్న నీ పొట్టంత పొట్ట వచ్చింది. తొట్టిలో నీళ్ళన్నీ తీసేశాక కూడా కూలిపోలేదు. గుండ్లన్నీ విప్పేసి డాబా మీద ఆరేశాను. వేరే గౌను అడగడానికి ఫొటోలు తీసే అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. "మీదంతా చాదస్తం అత్తయ్యా" అంటావు. అనుకో. నువ్వు నేర్పిన అక్షరాలతో నీకు రాసే మొదటి చీటీ ఇది. ఈ ఒక్కమాట విను.

అత్తయ్య

చెప్పులు వేసుకుంటూ చూశాను. గౌను మళ్ళీ తొట్టిలో నిలబడి ఉంది. ఈసారి పొట్ట లేదు. స్నానాల గదికి గడియ పెట్టాను. నేను వచ్చేదాకా నీ పొట్ట మీంచి చెయ్యి తియ్యకు.