అమావాస్య గుల్ల

తాతయ్యా,

పొద్దున నాగాయలంక రొయ్యల చెరువులో, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి లాగితే, మిగిలిన మేతలో మీసాలతో సహా ఒక రొయ్య కనిపించింది. చచ్చిపోయిందనుకున్నాను. తీరా చూస్తే విడిచిన గుల్ల.

అమావాస్యకి రొయ్యలు గుల్ల విడుస్తాయని నువ్వు మేత తగ్గించేవాడివి. అమావాస్యకే ఎందుకని అడిగితే, "చదువుకునేదానివి, నువ్వే చెప్పాలి" అనేవాడివి. నువ్వు లేవు కనక ఇవాళ మావయ్యని అడిగాను.

"అదంతేనే! ముందు ఆ ట్రే దించు."

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జువాలజీ సీటు వచ్చింది. "బీయీడీ చేసి మన కాన్వెంట్‌లోనే చెప్పుకోవే, అంత దూరం దేనికి?" అంటోంది అమ్మ. చేరేదీ లేనిదీ రేపటిలోగా తేల్చాలి.

పోయిన వారం, కొత్తవాళ్ళతో మాట్లాడని నేనే, అక్కడ జువాలజీ చెప్పే మేడంగారికి ఫోన్ చేసి నీ అమావాస్య సంగతి అడిగాను. "మాకూ ఇంకా పూర్తిగా తెలియదమ్మా" అన్నారు. అయితే నేనే చెప్పాలిగా తాతయ్యా, రేపు చేరతానని చెప్పేస్తాను.