కాలు బాగుపడలేదని ధ్రువపత్రం

మద్రాసు, 1995 జూన్ 23, రాత్రి

పన్నులు విధించువారికీ, రాయితీలు ప్రసాదించువారికీ, ఈ డైరీని ఎన్నడూ చదవబోని ఉన్నతాధికారులందరికీ సవినయంగా విన్నవించునది:

మూడో ఏట పోలియోతో చచ్చుబడిన మా చెల్లెలు సరోజ కుడికాలు ఈ ఆర్థిక సంవత్సరంలోనూ బాగుపడలేదు. ఆ సంగతి ప్రభుత్వ డాక్టరు మళ్ళీ రాసిస్తే తప్ప, ఆమె పోషణకు నాకు రావలసిన పన్ను రాయితీ చెల్లదని పన్నుల ఆఫీసు గుమాస్తా సెలవిచ్చాడు.

"పోయినేటి సర్టిఫికెట్టు పోయినేటికే సార్. ఇప్పుడెట్లుందో మాకెట్ల తెలుస్తుంది?"

అందుచేత ఈ ఉదయం ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. సరోజ పాండీబజారులో కొన్న కొత్త చీర కట్టుకుంది. కర్ర లేకుండా పది అడుగులు వేయడం నెలరోజులుగా సాధన చేస్తోంది. అది డాక్టరుకు చూపించాలని ఆమె ఆశ. గది గుమ్మంలో నేను ఆమె చెవిలో, "కర్ర పట్టుకోమ్మా. మరీ బాగా నడవద్దు" అన్నాను.

ఆమె నన్ను ఒకసారి చూసింది. కర్ర మీద వాలి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి నడిచింది. డాక్టరు తలెత్తకుండానే సంతకం చేశాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగింది: "బాగా కుంటినానా అన్నా? ఆడ ఆఫీసులో వాళ్ళకి చాలునా?"

ఆ తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు.

సర్టిఫికెట్టు మీద ఊదారంగు ముద్ర చక్కగా పడింది. గుమాస్తాను అసహ్యించుకుందామని కూర్చున్నాను గానీ, ఆ అసహ్యం అతని దాకా పోవడం లేదు…

కావున కింది డిమాండు లాంఛనంగా దాఖలు చేయడమైనది.

1. రేపు పొద్దున సరోజ నన్ను, కనీసం తిట్టడానికైనా, పలకరించవలెను.