మందు కుండ తిరిగి ఇవ్వవద్దు

మిన్ కొండల కింద మూలికల అంగడి నడుపుకుంటున్న బావ్ యున్‌షియాంగ్ అనే నేను, యాభై ఏడేళ్ళ వయసులో, గ్వాన్‌యిన్ తల్లి ముందు అగరువత్తి వెలిగించి, స్థిరచిత్తంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసిన వీలునామా ఇది. నాకు పెళ్ళి కాలేదు. వారసులు తమ్ముడు చెంగ్‌దె, చెల్లెలు రుయ్‌లియెన్.

1. అంగడి, సొరుగుల బీరువా, త్రాసు, అటక మీద పొగబెట్టి ఆరేసిన దాంగ్‌గుయ్ వేర్లు చెంగ్‌దెకు. తమ్ముడూ, ఆ వేరు తల నెత్తురు ఆపుతుంది, తోక నడిపిస్తుంది. చేతులు చల్లబడ్డవాళ్ళకు తోకే కట్టాలి. తొందరలో తల కట్టి పంపే అలవాటు మానుకో.

2. గ్వాన్‌యిన్ తల్లి బొమ్మ, నా జపమాల, గొర్రెతోలు చేతితొడుగులు రుయ్‌లియెన్‌కు. చలికి నీ వేళ్ళు నీలమవుతాయి. తొడుగులు దాచుకోకు, వేసుకో.

3. అమ్మ నాటిది, ఇప్పుడు నా దగ్గరున్న మందు కాచే కుండ కూడా రుయ్‌లియెన్‌కే.

ఇక్కడ కొంత చెప్పాలి. మన దగ్గర మందు కుండ అరువు తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వరు. కావలసినవాళ్ళే వెళ్ళి తెచ్చుకుంటారు. ఇస్తే రోగం ఇచ్చినట్టు. రుయ్‌లియెన్ భర్త షెన్ యీఫాన్ సముద్రం పక్క ఊరివాడు, పాపం తెలియదు. చెంగ్‌దె దగ్గర అరువు తెచ్చుకున్న ఈ కుండనే తళతళలాడేలా తోమి, నిండా మిఠాయిలు పోసి, చెంగ్‌దె ఇంటికి మర్యాదగా తెచ్చిచ్చాడు. ఆ నెలలోనే చెంగ్‌దె భార్య మంచం పట్టింది.

"నీ మొగుడు మా ఇంటికి రోగం మోసుకొచ్చాడే!" అన్నాడు చెంగ్‌దె.

"మిఠాయి మాత్రం ఒక్కటీ మిగల్చలేదుగా అన్నయ్యా!" అంది రుయ్‌లియెన్.

మరదలు కోలుకుని తిరుగుతోంది. వీళ్ళిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

చెంగ్‌దె, పోయిన శీతాకాలం నుంచి నీ పాదాలు మొద్దుబారుతున్నాయి. నువ్వు చెప్పలేదు, నీ నడక చెప్పింది. ఇకపై వేర్లు నీ దగ్గర, కుండ చెల్లెలి దగ్గర. కొత్త మందు కుండ కొనడం రోగానికి పీట వేయడమని ఊరందరికీ చెప్పేది నువ్వే. ఇంకో అంగడి మందు రుయ్‌లియెన్ ముట్టదు. కాబట్టి కావలసిన రోజున నువ్వు వంతెన దాటి చెల్లెలి ఇంటికి వెళ్ళి అడిగి తెచ్చుకో. తనకు కావలసినప్పుడు చెల్లెలే నీ దగ్గరికి వచ్చి కుండా, వేర్లూ తీసుకెళ్తుంది. గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయే హక్కు ఇద్దరికీ లేదు.

4. దీన్ని అమలు చేసే బాధ్యత మరిది షెన్ యీఫాన్‌ది. ఎవరిది వాళ్ళకు చేర్చే మనిషి. మరిదీ, అన్నీ చేర్చు. ఆ కుండ మాత్రం నువ్వు ముట్టకు.

ఎద్దు సంవత్సరం, తొమ్మిదో చాంద్రమాసం, పౌర్ణమి.

సంతకం: బావ్ యున్‌షియాంగ్

సాక్షులు: లు గుయ్‌జెన్, టీ వ్యాపారి
హె షుయున్, గుడి సేవకురాలు