అత్తయ్యకు నేర్పిన మాట

వదినా,

అత్తయ్యను ఆసుపత్రి నుంచి అంత తొందరగా ఎందుకు తెచ్చారని, తెచ్చిన మూడో రోజే ఎలా పోయారని ఫోన్‌లో అడిగారు. అది ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

ఈ పరాయి దేశంలో డాక్టరుకు మన భాష రాదు. ఆపరేషనయ్యాక ఆవిడ దగ్గర ఉందామంటే నేను పనిచేసే లాండ్రీలో సెలవివ్వలేదు. "ఎలా ఉన్నారని అడిగితే 'ఫైన్' అనండి" అన్నాను.

"అందరూ అనేదేనా? కాస్త ఘనమైంది నేర్పవే!" అన్నారు.

'ఎక్సలెంట్లీ' అని నేర్పాను. నాలుక తిరిగేదాకా వల్లె వేశారు.

డాక్టరు రోజూ అడిగేవాడు, ఆవిడ ఆ మాటే అనేవారు. డాక్టరు అడిగేది ఉత్త పలకరింపని ఆవిడ అనుకున్నారు. కుట్ల లోపల చీము పడుతోందని ఎవరికీ తెలియలేదు.

ఇంటికి పంపిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చెయ్యి వేడిగా తగిలింది. డాక్టరు అడిగితే గర్వంగా అదే మాట అన్నారు. నలుగురిలో ఆవిడను చిన్నబుచ్చలేక నేనూ నవ్వాను.

మీ తమ్ముడు ఆ డాక్టరు మీద ఫిర్యాదు రాస్తున్నారు. ఆయనకు ఇదేమీ తెలియదు. మీరు రాగానే ఆయనకు చెబుతాను. అప్పుడు కాస్త నా పక్కన కూర్చోండి.

మీ మరదలు