నట్టు మూడు చుట్లు

మటావేరా,
14 సెప్టెంబరు, శనివారం

ప్రియమైన తెపాయేరుకి,

కియా ఒరానా. నువ్వూ మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉండాలని మా ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నాం. అమ్మ బాగుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకే టారో దుంపల మడిలో దిగింది, ఎవరి మాటా వినడం లేదు. నీ కాలు ఎలా ఉందని నిన్నే అడగాల్సింది పోయి, బస్సు నడిపే నూరోవా అన్నని అడుగుతున్నాను. దీవి చుట్టూ ఉన్నది ఒకటే రోడ్డు. దాని మీద ఆరు నెలలు ఎదురుపడకుండా తిరిగామంటే మనిద్దరం సామాన్యులం కాదు.

సోమవారాల్లో బస్సు కిటికీ పక్కన నిన్ను చూస్తుంటాను. తల నిండా పూలదండ, ఒళ్ళో సంచి, చూపు సముద్రం వైపు. పదమూడో ఏట నుంచి మోటారుబండి దిగని దానివి. చిన్నపిల్లలు సైకిలు తొక్కుతూ దాటిపోతుంటే తల తిప్పేసుకుంటావని నూరోవా అన్న చెప్పాడు. నీ బండి అమ్మేశావని విన్న రోజే నిర్ణయించుకున్నాను: నా బండిని నా చేతుల్తో బాగుచేసి, నిన్ను మళ్ళీ దాని మీద కూర్చోబెట్టాలని. నిర్ణయించుకోవడం నాకెంత తేలికో, చేయడం ఎంత కష్టమో నీకు తెలుసు కదా.

నువ్వు పడ్డ బండి మార్చి నుంచి మా పాక కింద కోళ్ళ మధ్యే ఉంది. పోయిన శనివారం తురువా బాబాయిని పిలిచాను. నలభై ఏళ్ళు బళ్ళు బాగుచేసిన మనిషి, ఇప్పుడు చూపు ఆనక కుర్చీలో కూర్చుని నోటితో బాగుచేస్తున్నాడు. నువ్వు చెప్పు చాలు, నేను చేస్తాను బాబాయి అన్నాను. సువా యూనివర్సిటీలో నాలుగేళ్ళు చదివింది ఇందుకా అమ్మాయ్, సరే, ముందు ఆ రెంచీ తిన్నగా పట్టుకో, అదేం సుద్దముక్క కాదు అన్నాడు.

వెనక చక్రం విప్పబోతుంటే ఆగమన్నాడు. బ్రేకు కడ్డీ చివర నట్టు ఉంటుంది చూడు, దాన్ని బొటనవేలితో తడిమాడు. కాలికింద బ్రేకు పెడలు దిగిపోతుంటే ఆ నట్టు బిగిస్తాం, పెడలు పైకి లేస్తుంది. లోపల అరిగిన లైనింగు మాత్రం పెరగదు. నట్టుకి ముందు కడ్డీ మీద తిప్పడానికి ఒక్క మర కూడా మిగల్లేదే అన్నాడు. ఇది బిగించిన వాడెవడో బ్రేకు బాగుచెయ్యలేదు, దాని నోరు నొక్కాడు అన్నాడు. నేను మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాను.

డ్రమ్ములో నల్లటి దుమ్ము. ఊదబోతే, పీల్చి చస్తావు, తడిగుడ్డతో తుడువు అని అరిచాడు. బ్రేకు షూలు రెండూ విప్పి ఆయన చేతిలో పెట్టాను. గోరంత మందం కూడా లేదు; ఒక వైపు ఇనుమే రాసుకున్న గీతలు. ఉప్పుగాలికి లోపల షూలని తోసే చిన్న ఇరుసు తుప్పుపట్టి బిగిసింది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, చీపురుపుల్లతో ఇంత గ్రీజు పెట్టాను. ఎక్కువైతే లైనింగుకి అంటి మళ్ళీ జారుతుందట. కొత్త షూలకి స్ప్రింగులు తగిలించేటప్పుడు ఒకటి చేజారి వెళ్ళి కట్టేసిన పంది వీపుకి తగిలింది. అది పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చారు. బాబాయి అరగంట నవ్వాడు. పందికి క్షమాపణ చెప్పి రా, తర్వాత రెండో స్ప్రింగు పెడదువు గాని అన్నాడు. మూడుసార్లు తప్పి నాలుగోసారి పెట్టాను. వేళ్ళు చీరుకుపోయాయి. మెకానిక్ దగ్గర పడేస్తే సరిపోయేది కదా అని మనసు ఒకటే గొణుగుడు. దాని మాట వినలేదు.

చివర్లో పెడలు తడిమి, వంగింది, సుత్తి తే అన్నాడు. అలాగే ఉండనీ బాబాయి అన్నాను. పగులు లేదు, కాలికి అందుతోంది, కానీ ఎందుకు అన్నాడు. ఉండనీ అన్నాను.

నిన్న మధ్యాహ్నం వానలో ఆసుపత్రి గుట్టకి తీసుకెళ్ళాను. నువ్వు పడ్డ ఆ మలుపు దగ్గరే మూడుసార్లు గుట్ట దిగి మూడుసార్లు ఆపాను. మొదటిసారి చాలా ముందే నొక్కేశాను. మూడోసారి, ఎక్కడ ఆగాలనుకున్నానో సరిగ్గా అక్కడే, ఆ గుల్‌మొహరు చెట్టు కిందే ఆగింది. రెండో తాళంచెవి ఈ కవరులోనే ఉంది. బండి రేపు సాయంత్రం మీ వాకిట్లో పెడతాను. తీసుకోకపోతే తిరిగి పట్టుకెళ్ళను.

ఎప్పటికీ నీ
అకైతి

తా.క. ఇందాకటి నుంచి కలం ఇక్కడికి రావడానికే భయపడుతోంది. అమ్మకి అన్నం పట్టుకెళ్తానని, నీ దాంట్లో పెట్రోలు లేక నువ్వు నా బండి అడిగిన పొద్దున, పెడలు నేలకి దిగిపోతోందని నాకు తెలుసు. నట్టు మూడు చుట్లు తిప్పి, బాగుంది వెళ్ళు అన్నాను. ఆ మూడూ ఆఖరి మరలు. ఆసుపత్రిలో అందరి ముందూ, బ్రేకు నేనే చూశాను బాగానే ఉంది, తెపాయేరే కంగారుపడి నొక్కి ఉండదు అన్నది కూడా నేనే. నువ్వు నా మాట నమ్మి, నీ కాలినే నమ్మడం మానేశావు.

పడితే పెడలు లోపలికి వంగుతుంది, ఇది కిందికి వంగింది, దీన్ని ఎవరో ప్రాణం పెట్టి తొక్కారు అన్నాడు బాబాయి. అందుకే సుత్తి పడనివ్వలేదు. రేపు పొద్దున చర్చిలో ప్రార్థన అయ్యాక టీ దగ్గర అందరికీ ఆ పెడలే చూపించి చెబుతాను. నువ్వు వచ్చినా రాకపోయినా చెబుతాను.

నువ్వు నొక్కావు తెపాయేరూ. బ్రేకే పట్టలేదు.